పర్యావరణ కేసుల్లో అప్పీలు న్యాయవాది వృత్తి: విజయవాడ, గుంటూరు వారు తరచుగా అడిగే ప్రశ్నలు

లా కాలేజీలో చివరి ఏడాది చదువుతున్నవారు, సివిల్ ప్రాక్టీసులో కొన్నేళ్లు గడిపి దారి మార్చాలనుకునే జూనియర్లు, అప్పుడప్పుడు వాళ్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలివి. కొన్ని కక్షిదారులవి కూడా ఉన్నాయి. బల్లకు అవతలి వైపు కూర్చున్నవారు ఏమి అడుగుతారో తెలియకుండా ఈ పని అర్థం కాదు కాబట్టి వాటినీ ఉంచాను.

అప్పీలు న్యాయవాది చేసే పని ఏమిటి? మామూలు లాయరుకూ ఆయనకూ తేడా ఏమిటి?

అప్పీలు న్యాయవాది దగ్గరకు కేసు వచ్చేసరికి ఎవరో ఒకరు నిర్ణయం తీసేసుకుని ఉంటారు. సున్నపురాయి గనికి పర్యావరణ అనుమతి ఇచ్చి ఉంటారు. లేదా కాలుష్య నియంత్రణ మండలి ఒక మిల్లును మూసేయమని ఉత్తర్వు జారీ చేసి ఉంటుంది. ఆ నిర్ణయం చట్టం ముందు నిలుస్తుందా లేదా అన్నదే ఇక ప్రశ్న. కొత్త సాక్షిని బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేసే అవకాశం దాదాపు ఉండదు. ఉన్న దస్త్రం చదవాలి, అందులో ఉన్నది చూపించాలి, ఉండవలసినది లేకపోతే ఆ ఖాళీని కూడా చూపించాలి. సినిమాల్లో కోర్టు సీన్లు చూసి ఈ వృత్తిలోకి రావాలనుకునేవారికి మొదటే చెబుతున్నాను: ఇక్కడ గొంతు కన్నా కళ్లకు పని ఎక్కువ.

విజయవాడలో ఉన్న నాకు కేసు ఏ దారిలో ఎక్కడికి పోతుందో చెప్పండి.

దారులు మూడు నాలుగు ఉన్నాయి. ఏ కేసు ఏ దారిలో పోవాలో తేల్చడమే ఫీజులో సగానికి సరిపడే పని.

ఒక కర్మాగారానికి మండలి ఇవ్వవలసిన సమ్మతులు రెండు: స్థాపనకు ఒకటి, నడపడానికి ఒకటి. మన దగ్గర అందరూ సీఎఫ్ఈ, సీఎఫ్ఓ అంటారు. వాటిని నిరాకరించినా, అంగీకరించలేని షరతులు పెట్టినా 1974 నాటి నీటి చట్టం 28వ సెక్షన్ కింద, 1981 నాటి గాలి చట్టం 31వ సెక్షన్ కింద రాష్ట్రంలోని అప్పీలు అధికారి దగ్గరకు వెళ్లాలి. అక్కడా ఓడితే జాతీయ హరిత ట్రిబ్యునల్. మన రాష్ట్రం దాని దక్షిణ మండల ధర్మాసనం కిందికి వస్తుంది. అది ఉన్నది చెన్నైలో, చేపాక్ ప్యాలెస్‌లో భాగమైన కలస్ మహల్‌లో. ఆర్కాటు నవాబుల భవనంలో కూర్చుని పల్నాడు సున్నం బట్టీల గురించి వాదించడం ఈ వృత్తిలోని చిన్న చిన్న వినోదాల్లో ఒకటి.

గని, సిమెంటు కర్మాగారం, పెద్ద నిర్మాణం లాంటివాటికి 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ కింద ఇచ్చే పర్యావరణ అనుమతి సంగతి వేరు. దాన్ని సవాలు చేసే అప్పీలు నేరుగా ట్రిబ్యునల్‌కే వెళుతుంది. ట్రిబ్యునల్ చట్టం 16వ సెక్షన్ చూడండి. అనుమతి ఇచ్చినందుకు కడుపు మండినవారికీ, నిరాకరించినందుకు నష్టపోయినవారికీ ఆ ఒక్క సెక్షనే ఆధారం.

ట్రిబ్యునల్ తీర్పు మీద 22వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. గడువు 90 రోజులు. అయితే అక్కడ వాస్తవాలను మళ్లీ మొదటి నుంచి తవ్వనివ్వరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్‌లోని ఆధారాలే వర్తిస్తాయి. అంటే గట్టి న్యాయ ప్రశ్న ఉండాలి.

హైకోర్టు నేలపాడులోనే ఉంది కదా. రిట్ వేస్తే సరిపోదా? చెన్నై ఎందుకు?

వేయవచ్చు. ట్రిబ్యునల్ ఏర్పడినంత మాత్రాన రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టుకు ఉన్న అధికారం పోలేదని 2022లో మధ్యప్రదేశ్ హైకోర్టు న్యాయవాదుల సంఘం కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కానీ అధికారం ఉండటం ఒకటి, దాన్ని వినియోగించడం మరొకటి. ‘మీకు వేరే మార్గం ఉందిగా, అక్కడికి వెళ్లండి’ అని హైకోర్టు పంపేస్తే, ఈలోగా చెన్నైలో గడువు కరిగిపోయి ఉంటుంది. విజయవాడ నుంచి నేలపాడు దగ్గర కాబట్టి రిట్ వేద్దామనే కక్షిదారుకు ఈ ప్రమాదం ముందే వివరించండి.

కొన్నింటికి మాత్రం హైకోర్టే సరైన చోటు. ట్రిబ్యునల్ చూడగలిగిన చట్టాలు దాని మొదటి షెడ్యూల్‌లో ఏడే ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జాబితాలో లేదు. కొల్లేరును తీసుకోండి. ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఆ చట్టం కిందే. కాబట్టి సరస్సులో చేపల చెరువుల వివాదం కేవలం అభయారణ్యం హద్దుల గురించి అయితే ఒక దారి, చెరువుల నుంచి వదిలే మురుగునీటి గురించి అయితే మరో దారి. నీళ్లు అవే, కోర్టులు వేరు.

గడువుల గురించి ఇంత పట్టింపు ఎందుకు?

ఈ రంగంలో మంచి కేసులను చంపేది ఎదుటి లాయరు కన్నా ఎక్కువగా క్యాలెండరు.

16వ సెక్షన్ అప్పీలుకు ఉత్తర్వు తెలియజేసిన రోజు నుంచి 30 రోజులు. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ ఇంకో 60 రోజుల వరకు మన్నించగలదు. ఆ పైన ఒక్క రోజు ఆలస్యమైనా, కారణం ఎంత జాలి పుట్టించేదైనా, మన్నించే అధికారం దానికి లేదు. 14వ సెక్షన్ కింద, అప్పీలుగా కాకుండా నేరుగా వేసే మూల దరఖాస్తుకు ఆరు నెలలు, 15వ సెక్షన్ కింద నష్టపరిహారానికి ఐదేళ్లు. వీటికీ అదనంగా దొరికేది 60 రోజులే. సివిల్ కోర్టులో ఏడాది జాప్యాన్ని కూడా లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ పిటిషన్‌తో దాటించిన సీనియర్లు ఇక్కడికి వచ్చి బోర్లా పడటం మామూలే.

మరి ‘తెలియజేసిన రోజు’ ఏది? ఈ ఒక్క ప్రశ్న మీదే ఒక పూట వాదన నడుస్తుంది. అనుమతి పొందిన కంపెనీ ఆ విషయాన్ని పత్రికల్లో ప్రకటించాలి. కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటులో ఉత్తర్వు కనిపించాలి. ప్రతి పంచాయతీకి, మునిసిపాలిటీకి అందాలి, అందిన రోజు నుంచి 30 రోజుల పాటు అక్కడ ప్రదర్శించాలి. వీటిలో ఏది ముందు పూర్తిగా జరిగితే గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే ఊరి నుంచి వచ్చినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న కాలుష్యం గురించి కాదు. ‘ఆ కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు ఎప్పుడు అంటించారు? ఫొటో తీశారా?’ అని అడుగుతాను. గుంటూరు జిల్లాలో ఏ మూలనున్న పంచాయతీ కార్యదర్శి అయినా తన ఇన్‌వర్డ్ రిజిస్టరులో వేసిన ఒక తేదీ సుప్రీంకోర్టు దాకా ప్రయాణం చేయగలదు.

దస్త్రంలో అసలు మీరు వెతికేది ఏమిటి?

ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఒక జాతీయ పత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటించాలి. పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. చివర్లో లేవనెత్తిన అంశాల చిట్టాను సభలో తెలుగులో చదివి వినిపించాలి. హాజరుకు కనీస సంఖ్య అంటూ ఏమీ లేదు. ఇన్ని మెట్లలో ఏదో ఒకచోట కాలు జారి ఉంటుంది. ప్రతి జారుడూ అనుమతిని రద్దు చేయించదు. నష్టం చేసిన లోపమేదో, నష్టం లేని లోపమేదో వేరుచేయడంలోనే అప్పీలు లాయరు విలువ ఉంది. పది లోపాలు రాసి పదకొండోది కూడా తగిలించేవారి కన్నా రెండింటి మీద నిలబడేవారిని ధర్మాసనం శ్రద్ధగా వింటుంది.

మన వైపు కేసుల్లో ఇంకొక చిక్కు ఉంది. సభ తెలుగులో జరుగుతుంది, మినిట్స్ ఇంగ్లిషులో రాస్తారు. ఒక రైతు లేచి తన బోరుబావి లోతు, పంట పేరు, పోయిన ఏడాది దిగుబడి చెప్పి ఉంటాడు. మినిట్స్‌లో ‘వ్యవసాయంపై ఆందోళన వ్యక్తం చేశారు’ అని ఒక్క ముక్క ఉంటుంది. సభను వీడియో తీసి తీరాలి కాబట్టి ఆ రికార్డింగు తెప్పించుకుని, రైతు మాటలను అక్షరం పొల్లుపోకుండా అనువదించి జతపరచాలి. అభ్యంతరాలకు కంపెనీ ఇచ్చిన జవాబులను, అనుమతి మీద సిఫారసు చేసే నిపుణుల కమిటీ నిజంగా పరిశీలించిందా, లేక ‘పరిశీలించాము’ అని రాసి ఊరుకుందా అన్నది అప్పుడు బయటపడుతుంది. తెలుగు, ఇంగ్లిషు రెండూ బాగా వచ్చిన జూనియరుకు మా దగ్గర ఎప్పుడూ పని ఉంటుంది. ఇది పొగడ్త కోసం చెబుతున్నది కాదు, నిజంగానే కొరత ఉంది.

తరువాత నమూనాలు. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కర్మాగారం నుంచి వచ్చే మురుగునీటి నమూనా తీసేటప్పుడు యజమానికి నోటీసు ఇవ్వాలి, ఆయన సమక్షంలో రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఈ పద్ధతి పాటించని నివేదికను న్యాయ ప్రక్రియలో సాక్ష్యంగా తీసుకోరు. పరిశ్రమ తరఫున వాదిస్తే ఇది మీ ఆయుధం. ఊరి తరఫున వాదిస్తే, నమూనా తీసిన రోజునే మండలి అధికారి పక్కన నిలబడి ఆ పద్ధతి పాటించేలా చూడాలి.

చివరిగా లెక్కలు. పర్యావరణ పరిహారానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ఒకటి ఉంది: కాలుష్య సూచిక, ఉల్లంఘన జరిగిన రోజుల సంఖ్య, రూపాయల గుణకం, పరిశ్రమ పరిమాణం, ప్రదేశ గుణకం, ఈ ఐదింటి గుణకారం. మిగతా నాలుగూ చాలావరకు పట్టికల్లో ఉంటాయి. యుద్ధమంతా రోజుల సంఖ్య మీదే. తనిఖీ జరిగిన రోజు నుంచి లెక్కించాలా, నోటీసు అందిన రోజు నుంచా? మధ్యలో ప్లాంటు మూసి ఉన్న రోజుల మాటేమిటి? గుణకారం వచ్చినవారెవరైనా అడగవలసిన ప్రశ్నలే ఇవి. అయినా అడగకుండా కట్టేసినవారున్నారు.

సైన్సు చదివి ఉండాలా?

అక్కరలేదు. కానీ సైన్సంటే భయపడకూడదు. ధర్మాసనంలో న్యాయ సభ్యునితో పాటు నిపుణ సభ్యుడు కూర్చుంటారు. ఆయనకు బీఓడీ (నీటిలోని మలినాన్ని సూక్ష్మజీవులు కుళ్లించడానికి కావలసిన ఆక్సిజన్) అంటే ఏమిటో మీరు చెప్పనక్కరలేదు, మీకు తెలియదని మాత్రం ఇట్టే పసిగడతారు. నదిలోకో కాలువలోకో వదిలే శుద్ధి చేసిన నీటిలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్నది సాధారణ ప్రమాణం. గాలిలో పీఎం10 అనే సన్నని ధూళి రోజు సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నదైన పీఎం2.5 అయితే 60. ఇలాంటివి నోటికి రావాలి. మిగిలినది అడిగి తెలుసుకోవచ్చు. ఇంజనీరింగు కాలేజీల్లో సివిల్, కెమిస్ట్రీ విభాగాల్లో పాఠాలు చెప్పేవారితో స్నేహం చేయండి. ఒక సాయంత్రం కాఫీతో వారు నేర్పేది మన పుస్తకాల్లో దొరకదు.

చదువు, నమోదు సంగతి?

డిగ్రీ తరువాత మూడేళ్లు, లేదా ఇంటర్ తరువాత ఐదేళ్లు. రాష్ట్ర కాలేజీలకు లాసెట్, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్. తరువాత రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆపైన అఖిల భారత బార్ పరీక్ష. నమోదు రుసుము చట్టంలో ఉన్నదానికి మించి వసూలు చేయరాదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది: సాధారణ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. పర్యావరణ చట్టంలో ఎల్ఎల్ఎం చేస్తే మంచిదే. చేయకపోతే ఎవరూ అడగరు.

మొదట ఎవరి దగ్గర చేరాలి?

నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. మొదటి రెండు మూడేళ్లు పర్యావరణ కేసులే చూసే ఆఫీసులో చేరవద్దు. విజయవాడలోనో గుంటూరులోనో జిల్లా కోర్టులో మంచి సివిల్ లాయరు దగ్గర చేరండి. భూమి రికార్డులు, అడంగల్, సర్వే పటం, కోర్టు కమిషనరు నివేదిక చదవడం అక్కడే వస్తుంది. క్వారీ కేసు సగం పైగా భూమి కేసే. సర్వే నంబరు ఎక్కడుందో, ఇళ్లకు దూరం ఎంతో, అది పోరంబోకా, చెరువు శిఖమా (చెరువు గర్భంలోని భూమి) అన్నది తేలకుండా, హాని రుజువయ్యేదాకా ఆగకూడదనే ముందస్తు జాగ్రత్త సూత్రం గురించి ఎంత మాట్లాడినా గాలిలో కత్తి తిప్పినట్టే. ఆ పునాది పడ్డాక హైకోర్టులో రిట్లు చూసే ఆఫీసుకు మారండి.

డబ్బు వస్తుందా? నిజం చెప్పండి.

మొదట్లో రాదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేసింది. సిఫారసు అంటే ఏమిటో న్యాయవాదులకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత వచ్చే ఆదాయం మీరు ఎవరి కేసులు చూస్తారన్న దాని మీద ఉంటుంది. కంపెనీలు, గనుల యజమానులు, నిర్మాణ సంస్థలు సమయానికి చెల్లిస్తారు. ఊరివాళ్లు చందాలు వేసుకుని తెస్తారు, మూడో వాయిదాకు ఆగిపోతుంది. ప్రభుత్వ శాఖల స్టాండింగ్ కౌన్సిల్ (ఆ శాఖ కేసులన్నీ చూసే లాయరు) పదవి వస్తే పని పుష్కలం, బిల్లులకు ఓపిక కావాలి. ట్రిబ్యునల్ రుసుము మాత్రం భారం కాదు. పరిహారం కోరని అప్పీలుకు 1,000 రూపాయలు, కోరితే ఆ మొత్తంలో ఒక శాతం. కోటి రూపాయల పరిహారం అడగమని పట్టుబట్టే కక్షిదారుకు ఆ ఒక శాతం ఎంతో ముందే చెప్పండి, పట్టు కాస్త సడలుతుంది.

పరిశ్రమల తరఫున వాదించడం తప్పా?

కాదు. మండలి ఉత్తర్వు అన్యాయమైనప్పుడు మిల్లు యజమానికీ లాయరు కావాలి. ఆ మిల్లులో జీతం తీసుకునే కార్మికుల ఇళ్లూ మన పేటల్లోనే ఉన్నాయి. రెండు వైపులా పనిచేసినవారికి రెండో వైపు ఏమి దాస్తుందో తెలుస్తుంది. చేయకూడనిది ఒకటే: ఒక కంపెనీ రహస్యాలు తెలుసుకున్నాక అదే కంపెనీ మీద ఊరి తరఫున వకాలత్ వేయడం. విజయవాడ చిన్న ఊరు, ఇలాంటివి దాగవు.

చెన్నైలో స్థిరపడాలా?

ఒకప్పుడు ఆ ఒత్తిడి ఉండేది. తెల్లవారుజామునే స్టేషనుకు పరుగెత్తి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, తీరా చేరాక వాయిదా పడిందని తెలియడం. ఇప్పుడు దాఖలు ఆన్‌లైన్, విచారణ చాలావరకు వీడియోలో. తుది వాదనకు మాత్రం స్వయంగా వెళ్లడమే నా అలవాటు. పటం చూపించి వాదించేటప్పుడు తెర చాలదు. పైగా మండలి ప్రధాన కార్యాలయం, రాష్ట్ర స్థాయి అనుమతుల సంస్థ విజయవాడలోనే ఉన్నాయి. దస్త్రం ఉన్న ఊళ్లో మీరుంటే చెన్నై లాయరు కన్నా ఒక అడుగు ముందున్నట్టే.

సుప్రీంకోర్టులో వాదించాలంటే?

ఏ న్యాయవాదైనా వాదించవచ్చు, దాఖలు చేయడానికి మాత్రం అడ్వొకేట్ ఆన్ రికార్డ్ కావాలి. నాలుగేళ్ల ప్రాక్టీసు తరువాత ఒక అడ్వొకేట్ ఆన్ రికార్డ్ దగ్గర ఏడాది శిక్షణ పొంది పరీక్ష రాయాలి. ఢిల్లీకి మకాం మార్చకుండా నమ్మకమైన ఒకరితో కలిసి పనిచేసే పద్ధతి మన వాళ్లలో ఎక్కువ. వారికి పంపే తేదీల జాబితా మీరే స్వయంగా రాయండి. ఢిల్లీలో కూర్చున్నవారికి కొండవీటి వాగు ఎటు పారుతుందో తెలియదు.

ఏ తీర్పులతో మొదలుపెట్టాలి?

అందరూ చెప్పే జాబితా మీకు ఎలాగూ దొరుకుతుంది. నేను తెలుగు నేల కేసులతో మొదలుపెట్టమంటాను.

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు మధ్య నడిచిన కేసు, 1999 జనవరి. హైదరాబాదు జంట జలాశయాల దగ్గర ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారానికి మండలి సమ్మతి నిరాకరించింది. 28వ సెక్షన్ కింద అప్పీలు అధికారి ఒక శాస్త్రవేత్త అఫిడవిట్‌ను నమ్మి ఆ నిరాకరణను తిరగ్గొట్టారు. విషయం సుప్రీంకోర్టుకు చేరాక జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు చదవండి. హాని ఉండదని నిరూపించే బరువు కర్మాగారం మీదే పెట్టారు. విజ్ఞాన శాస్త్రం తెలిసినవారు లేకుండా ఇలాంటి అప్పీళ్లు తేల్చడం ఎంత కష్టమో వివరించారు. తరువాత ఆయనే అధ్యక్షులుగా ఉన్న లా కమిషన్ 2003లో 186వ నివేదికలో పర్యావరణ కోర్టులను సిఫారసు చేసింది. 2010లో ట్రిబ్యునల్ వచ్చింది. చెన్నైలో మీ ఎదుట కూర్చునే నిపుణ సభ్యుని కుర్చీకి మూలం ఒక విధంగా ఆ కేసులో ఉంది.

సమత కేసు, 1997. అనంతగిరి మండలంలో గిరిజనేతరులకు ఇచ్చిన గనుల లీజుల గురించి. హైకోర్టులో ఓడిపోయి, సుప్రీంకోర్టులో ఇద్దరు ఒక వైపు, ఒకరు మరో వైపుగా గెలిచిన కేసు. అప్పీలు నేర్చుకునేవారు భిన్నాభిప్రాయ తీర్పును కూడా చదవాలి.

మూడోది మన గుమ్మం ముందుదే. అమరావతి నిర్మాణానికి ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద 2017 నవంబరులో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు. అనుమతిని రద్దు చేయలేదు, అదనపు షరతులు విధించి అమలు చూసేందుకు కమిటీలు వేసింది. గెలిచిందెవరని విద్యార్థులను అడిగితే తరగతి రెండుగా చీలుతుంది.

వీటి తరువాత 2022 నాటి కాంతా విభాగ్ యువ కోలి సమాజ్ ట్రస్టు కేసు చూడండి. నిపుణుల కమిటీ నివేదిక తీసుకోవచ్చు గానీ తీర్పు చెప్పే పనినే కమిటీకి అప్పగించకూడదని ట్రిబ్యునల్‌కు సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీళ్లలో ఎక్కువగా అక్కరకొచ్చే మాట ఇది.

ఈ చట్టం తరచుగా మారుతుందంటారు, నిజమేనా?

ఒక ఉదాహరణ చాలు. పని మొదలుపెట్టేసి తరువాత అనుమతి తెచ్చుకునే పద్ధతి చెల్లదని 2025 మేలో వనశక్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. ఆ మధ్య నెలల్లో కక్షిదారులకు రాతపూర్వకంగా సలహా ఇచ్చినవారందరూ మళ్లీ రాయవలసి వచ్చింది. సలహా కాగితం మీద తేదీ వేయండి.

మా ఊరి పక్కన క్వారీకి అనుమతి వచ్చిందని నిన్ననే విన్నాం. లాయరును కలిసేలోగా ఏమి చేయాలి?

అనుమతి ఉత్తర్వు ప్రతిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వెతికి దింపుకోండి. దాని మీది తేదీ నుంచే 30 రోజులు లెక్కపెట్టుకోండి. మీకు తెలిసిన రోజు నుంచి అని ధైర్యం చెప్పుకోకండి. పంచాయతీలో ఆ ఉత్తర్వు అందిందా అని రాతపూర్వకంగా అడిగి, మీ అర్జీ మీద ముద్ర వేయించుకోండి. సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, కానీ జవాబుకు 30 రోజుల గడువు వాళ్లకుంటుంది, అప్పీలుకూ మీకున్నది అంతే. కాబట్టి ఆ జవాబు కోసం ఆగవద్దు. క్వారీ నుంచి బడి, ఇళ్లు, చెరువు ఎంత దూరమో కొలిచి ఫొటోలు తీయండి. ఆ కాగితాలన్నీ సంచిలో వేసుకుని ఈ వారంలోనే రండి.